దోషం చెప్పి అమ్మే సక్రు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పశువుల అంగళ్లలో ఎడ్ల బేరగాళ్లు తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. సక్రు మాత్రం నోటితోనే చెప్పేవాడు. ధర కంటే ముందు ఎద్దు దోషం చెప్పేవాడు. ఇది ఎండకు ఆగదు, దీనికి వెనక కుడికాలు బలం తక్కువ, ఇది బురదలోకి దిగనని మొండికేస్తుంది అని. కొనవచ్చినవాళ్లలో కొందరు నవ్వుకుని పక్కకు పోయేవారు. ఎక్కువమంది అతని దగ్గరే కొనేవారు.

సక్రుది మిర్యాలగూడ పక్కన ఒక తండా. అతని పూర్వీకులు ఎడ్ల వీపుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన లంబాడీలు. రైళ్లు, లారీలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. సేవాభాయా అని వాళ్లు పిలుచుకునే సేవాలాల్ మహారాజ్ మీద గురి మాత్రం పోలేదు. ఆవుల మందతో తిరిగిన ఆ గురువు అబద్ధమాడవద్దన్నాడని, లోపం దాచి సరుకు అమ్మినవాడు తన మనిషి కాడన్నాడని సక్రు తాత ధర్మా చెప్పేవాడు. ఆ రెండో మాట సేవాభాయాదో, తాత కలిపిందో సక్రు ఎన్నడూ అడగలేదు.

1986లో వానాకాలం ముందు సక్రుకు చలిజ్వరం వచ్చింది. కోదాడ అంగడికి తమ్ముడు బాల్యాను పంపాడు. తోలుకుపోయిన వాటిలో ఒక నల్లమచ్చల ఎద్దు ఉంది. చూపుకు బాగుంటుంది, పని చేస్తుంది. కానీ మనిషి వెనక నుంచి వస్తే కొమ్ము విసురుతుంది. ఆ సంగతి ముందే చెప్పమని సక్రు రెండుసార్లు చెప్పి పంపాడు. బాల్యా సాయంత్రానికల్లా అమ్మేసి వచ్చాడు. చెప్పావా అని అడిగితే చెప్పానన్నాడు.

ఆ ఎద్దును కొన్నది గరిడేపల్లి దగ్గరి చిన్న రైతు కాటయ్య. పన్నెండో రోజు పొద్దున మేత వేయడానికి వెనక నుంచి వెళ్తే అది అతన్ని పొట్టలో పొడిచింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. అంగట్లో ఈ మాట విన్న సక్రు ఇంటికి వచ్చి తమ్ముణ్ని మళ్లీ అడిగాడు. బాల్యా తల దించుకున్నాడు. చెప్తే ఎవరు కొంటారు భాయా అన్నాడు.

సక్రు తన సొంత ఎడ్ల జతను తోలుకుని కాటయ్య ఊరికి నడిచిపోయాడు. అక్కడ అందరూ తలరాత అనుకుంటున్నారు. అమ్మినవాణ్ని ఎవరూ తప్పుబట్టలేదు. అతను ఊరుకుంటే అంతటితో పోయేది. కానీ వాకిట్లో నిలబడి కాటయ్య భార్య తిరుపతమ్మకు చెప్పాడు.

"అమ్మా, అది కొమ్ము విసురుతదని మాకు ఎరుకే. చెప్పకుండ అమ్మినం."

ఆమె పశువుల కొట్టం వైపు చూసి అంది. "ఒక్క మాట చెప్తే ముంగట నుంచే పోతుండె గద."

మర్నాటి నుంచి సక్రు ఆ ఎడ్లతోనే ఆమె మూడెకరాలు దున్నాడు. ఐదు వానాకాలాలు అలాగే వచ్చి దున్నాడు. పశువుల కొట్టంలోనే ఉండేవాడు. మొదటి ఏడాది తిరుపతమ్మ అన్నం పెట్టి మాట్లాడకుండా లోపలికి పోయేది. మూడో ఏటి నుంచి కూర సరిపోయిందా అని అడిగేది. తండాలో సక్రు చెలక బీడుపడింది. భార్య రుక్మాబాయి కూలికి పోయి పిల్లల్ని సాకింది. సేవాభాయా ఆమెకూ గురువే. అయినా ఒకసారి నిష్ఠూరంగా అడిగింది, నా పిల్లలు ఏం తప్పు చేశారని. సక్రు ఎడ్లను తోలుకుని మళ్లీ కాటయ్య ఊరికి బయల్దేరాడు.

తండా అంతా అతన్ని మెచ్చుకుంది. మెచ్చుకున్న ప్రతిసారీ బాల్యా పేరు పాడయింది. పెళ్లిళ్లలో అతని పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. ఒకరోజు బట్టలు మూటగట్టుకుని అన్న ముందు నిలబడ్డాడు.

"నేను పోవాల్సిన ఇంటికి నువ్వు పోయినవ్ భాయా. ఇగ నాకు తొవ్వ లేకుండ చేసినవ్."

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీగా చేరి, దగ్గర్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాడు.

1992లో సేవాభాయా జయంతికి తండాలో భోగ్ చేస్తున్నారు. నిప్పుల మీద నెయ్యి, బెల్లం అన్నం గురువుకు సమర్పిస్తుంటే బాల్యా వచ్చి దూరంగా నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. కాటయ్య ఇల్లాలి కాళ్లు పట్టుకోనివాడు గురువు ముందుకు ఎట్లా వస్తాడని ఒక పెద్దమనిషి అన్నాడు. అందరూ సక్రు వైపు చూశారు. అతను చేయి ఊపి పిలిస్తే చాలు. పిలవలేదు. నిప్పుల వైపే చూస్తూ ఉండిపోయాడు. బాల్యా కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు వానాకాలంలో కామెర్లతో బాల్యా చనిపోయాడు. కబురంది సక్రు చేరేసరికే తోటి హమాలీలు మొహం మీద బట్ట కప్పారు.

దినాలకు తిరుపతమ్మ బస్సెక్కి తండాకు వచ్చింది. రుక్మాబాయి పక్కన కూర్చుని ఏడ్చింది. పోయేముందు సక్రును పక్కకు పిలిచింది.

"అన్నా, నాలుగేండ్ల కింద ఎండకాలంల నీ తమ్ముడు మా ఇంటికొచ్చిండు. గడపల కూసొని మస్తు ఏడ్చిండు. నా మనసుల ఏం లేదు, పో అని చెప్పిన. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు."

అంటే తండాలో ఆ భోగ్ జరగకముందే. ఒట్టు ఎందుకని సక్రు అడిగాడు.

"అన్న మెప్పు కోసం రాలే, అన్నడు."

సక్రు ఆ తర్వాత ఎడ్ల బేరం చేయలేదు. ట్రాక్టర్లు వచ్చి అంగళ్లు కూడా పలచబడ్డాయి. సేవాభాయా మాట నిలబెట్టిన మనిషంటే సక్రే అని తండాలో పిల్లలకు చెప్పేవారు. అది చెవిన పడితే అతను లేచి అవతలికి పోయేవాడు.

ఒకసారి మిర్యాలగూడ మిల్లుకు పోయి, తన తమ్ముడు ఎట్లా ఉండేవాడని హమాలీలను అడిగాడు. తక్కువ మాట్లాడేవాడని, ఏటా భోగ్ నాడు పనికి రాకుండా గదిలో ఒక్కడే నిప్పు రాజేసుకుని కూర్చునేవాడని చెప్పారు. ఆ గది చూపించమన్నాడు సక్రు. చూపించారు. అప్పటికే అందులో వేరేవాళ్లు ఉంటున్నారు.