రోడ్డవతల నిలబడి చూసిన అమెరికా బొమ్మ

నేను ఆక్లాండ్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివే రోజుల్లో, రెండు వేల అయిదో ఆరో, బయటి సబ్జెక్టు ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలన్నారు. ఏది తేలిక అని మా ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు సీనియర్ అక్కని అడిగాను.

"అమెరికా చిత్రకళ చరిత్ర తీసుకోవే. లైట్లార్పి బొమ్మలు చూపిస్తారంట. హీటరు పక్కన హాయిగా కునుకు తియ్యొచ్చు" అంది. ఆ పేపరు తను ఎన్నడూ తీసుకోలేదన్న సంగతి నేను చేరాక చెప్పింది.

కునుకు మాట దేవుడెరుగు, సెమిస్టర్ చివరికి నా ప్రాణం మీదికొచ్చింది. ఆ ఒక్క పేపరు పోతే డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే వర్క్ పర్మిట్ రాదు. పెట్టె సర్దుకుని విజయవాడ దారి పట్టడమే. అయినా నేను భయపడలేదు. ఇంటర్‌లో రెండేళ్లు కాలేజీ హాస్టల్లో నలిగినదాన్ని. బట్టీ పట్టడంలో నన్ను మించినవాళ్లు ఆ దేశంలోనే ఉండరని నా నమ్మకం. మా లెక్చరరు, తెల్లజుట్టు న్యూజిలాండ్ ఆవిడ, క్లాసులో చూపించిన బొమ్మల్ని అదే వరసలో కంఠతా పట్టేశాను. మొదట బిగుసుకు కూర్చున్న పాతకాలపు దొర. తర్వాత నది, కొండలు. ఆ తర్వాత నగరం వీధులు, కాన్వాసు నేల మీద పరిచి రంగులు ఒలకబోసినవి, చివర్న సూపు డబ్బాలు.

పరీక్షలో తెర మీద మొదటి బొమ్మ పడగానే తలెత్తకుండా రాసేశాను. దొరగారి కోటు, ఆయన ముఖంలో గాంభీర్యం, ఒక పేజీ. రెండో బొమ్మకి నది మీద సాయంత్రపు వెలుగు. మూడోదానికి తలెత్తితే కొండలుండాల్సిన చోట సూపు డబ్బాలున్నాయి. ఓరి దేవుడో! ఆవిడ వరస మార్చేసింది! అలా మార్చొచ్చని ఎవరు చెప్పారావిడకి? వెళ్లిపోయిన రెండూ ఏ బొమ్మలో ఇప్పటికీ నాకు తెలియదు. మిగతావి చూసి చూసి రాశాను, ఏడుపు దిగమింగుకుంటూ.

సగం మార్కులున్న చివరి ప్రశ్నకి క్లాసులో చూపించని బొమ్మ వేసింది. గోడంత కాన్వాసు మీద ఒక ఆడమనిషి ముఖం, కారు టైరు, కేకు ముక్క. ఈ చిత్రకారుడు అంతకుముందు రోడ్ల పక్కన ప్రకటనల హోర్డింగులు వేసేవాడనీ, ఆ పనితనం ఈ బొమ్మలో ఎక్కడ కనిపిస్తోందో రాయమనీ ప్రశ్న.

నాకు నవ్వొచ్చింది. మా మావయ్య విజయవాడలో సినిమా హోర్డింగులు వేసేవాడు. చిన్న ఫోటో మీద గళ్లు గీసి, అవే గళ్లు హోర్డింగు మీద పెద్దవి చేసి నింపేవాడు. నిచ్చెన మీదున్న మనిషికి హీరోయిన్ కన్ను అన్నం గిన్నెంత కనిపిస్తుంది గానీ ముఖం కనిపించదు. అందుకని వేసవి సెలవుల్లో నన్ను రోడ్డవతల సోడా బండి దగ్గర నిలబెట్టేవాడు. "మావయ్యా, ఎడం కన్ను మెల్ల!" అని అరవడం నా ఉద్యోగం. బుగ్గకి నీలం ఎందుకు పూస్తావంటే, "దగ్గర్నుంచి చూసేవాడికి కాదే, బస్సులో పోయేవాడికి" అనేవాడు. ఆ బొమ్మల ఆయుష్షు కొత్త సినిమా వచ్చేదాకా. ఈలోపు గట్టి వాన పడితే అంత కూడా లేదు.

అదంతా రాశాను. ఈ అమెరికా ఆయనకి కూడా రోడ్డవతల ఎవరో నిలబడే ఉంటారని తేల్చేశాను.

వారం తర్వాత లెక్చరరు తన గదికి పిలిపించింది.

"రోడ్డవతల మనిషి సంగతి ఏ పుస్తకంలోంచి తీసుకున్నావు? పేరు రాయలేదేం?" అంది.

"పుస్తకం కాదండీ. ఆ మనిషిని నేనే" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసి, పెద్దగా నవ్వింది. దొరకి సున్నా, నదికి సున్నా వేసినా మొత్తానికి పేపరు గట్టెక్కింది.

అక్కడ డెయిరీ అని పిలిచే సందు చివరి కొట్లో ఫోన్ కార్డు కొని, అమ్మకన్నా ముందు మావయ్యకి చేశాను. ఫ్లెక్సీలొచ్చాక ఆయన నిచ్చెన దిగేసి షాపుల బోర్డులు రాసుకుంటున్నాడు. సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"కన్ను మెల్లేమన్నా ఉందా?" అన్నాడు.

"లేదు మావయ్యా, బాగా చూశాను."

"ఇప్పుడెక్కడుందే ఆ బొమ్మ?"

"మ్యూజియంలో. గోడ గోడంతా దానికే ఇచ్చారు."



"అయితే వానకి తడవదన్నమాట" అన్నాడు మావయ్య.