మొదటి తెర వచ్చేదాకా

మా ఆఫీసులో ఫోను పెట్టేసే హక్కు మాకు లేదు. అవతలివాళ్లకే ఉంది. తిట్టేవాళ్లు తిట్టి పెట్టేస్తారు, ఏడ్చేవాళ్లు ఏడ్చి పెట్టేస్తారు, కొందరైతే మేం లైన్‌లో ఉన్న సంగతే మర్చిపోయి ఇల్లు ఊడ్చుకుంటారు. ఆ చీపురు చప్పుడు వింటూ మేం కూర్చోవాలి. ఈ రూలు రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆ కుర్చీలో ఒక్క పూట కూడా కూర్చుని ఉండడు.

మా పని చెబుతాను. ఒక కంప్యూటర్ ఆట ఉంది. పట్టాలు వేసి, స్టేషన్లు కట్టి, రైళ్లు నడిపే ఆట. కొనుక్కున్నవాళ్లు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోబోతే అది సగంలో మొరాయిస్తుంది. అప్పుడు మాకు ఫోన్ చేస్తారు. డిస్కులో చోటు లేదా, పాత ఫైళ్లు అడ్డం పడ్డాయా, అనుమతి ఇవ్వలేదా అని మేం ఒక్కొక్కటే చూపించి సరిచేయించాలి. ఆట మొదటి తెర వచ్చిందని వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. అందాకా కదలకూడదు. మధ్యలో మేం పెట్టేస్తే పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఏడాదిలో ఒక్క గుర్తు పడినా ఇంకే సెక్షన్‌కీ మారడానికి వీల్లేదు.

ఆ హాల్లో అరవైమందిమి. అరవైమందికీ ఒకరే బాబాయ్. నా పక్క సీటు ఆయనది. ఆయనకు కుడివైపు గోడ, ఎడమవైపు నేను. వయసు యాభై ఒకటి. మిగతావాళ్లంతా పాతికా ముప్పై మధ్య ఉండేసరికి, చేరిన మొదటి రోజే ఎవరో బాబాయ్ అన్నారట, అదే ఖాయమైపోయింది. ఇంకో పేరు కూడా ఉండేది, తొంభై ఏడు. ఇన్‌స్టాలేషన్ నూటికి తొంభై ఏడు దాకా వచ్చి ఆగిపోతే మా అందరికీ చెమటలు పట్టేవి. ఆయనకు మాత్రం ప్రాణం లేచొచ్చేది.

అంతకుముందు ఆయన రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. గుయ్‌మనే చప్పుడు విని ఏ పార్టు పోయిందో చెప్పేసేవారట. ఆ వస్తువులు జనం వాడటం మానేశాక దుకాణం మూసేసి, నలభై ఏళ్ల వయసులో ఇక్కడ చేరారు. ఆ అలవాటే ఇక్కడా పనికొచ్చింది. మేం మా ముందున్న కాగితం చూసి పద్నాలుగు మెట్లూ గడగడా అప్పజెప్పేవాళ్లం. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టండి, ఫలానా ఫోల్డర్ తీసేయండి, మళ్లీ మొదలుపెట్టండి అని. ఆయన ఒక్కటే అడిగేవారు. "మీ కళ్లముందు ఏముందో ఉన్నదున్నట్టు చదవండి. తొందరేం లేదు." అంతే, ఇంక వినడమే. ఇంతకీ ఆ ఆట ఆయన ఒక్కసారి కూడా ఆడలేదు. ఆఫీసు కంప్యూటర్లలో ఆడనివ్వరు. ఇంట్లో ఉన్నదేమో తాతలనాటిది, దాంట్లో ఆ ఆట ఎక్కదు.

ఆయన ఎడమ చెవి పోయిందన్న సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. అదీ గొడవపడితే తెలిసింది. వారం రోజులపాటు నేను పలకరిస్తుంటే ఉలుకూ పలుకూ లేదు. నాకసలే ముక్కుమీద కోపం. "ఏం బాబాయ్, మాతో మాట్లాడితే నోటి ముత్యాలు రాలతాయా" అని నిలదీశాను. ఆయన కుర్చీ తిప్పి కుడి చెవి నావైపు పెట్టారు.

"ఎటువైపు నుంచి అన్నావమ్మాయ్, ఇటేనా?" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆరేళ్లు హెడ్‌సెట్ ఎడమ చెవికి పెట్టుకున్నారు. అది మందగించాక కుడిదానికి మార్చారు. ఇప్పుడు కుడిది కూడా తగ్గుతోంది. ఏడాదిలోపు ఆ హెడ్‌సెట్ తీసెయ్యకపోతే ఉన్నది కూడా దక్కదని డాక్టర్ తేల్చి చెప్పాడు. ఇంట్లో మాత్రం గుబిలి పట్టిందని చెప్పి నెట్టుకొస్తున్నారు.

ఆ ఇల్లు నేను చూశాను. కింద పిన్ని కుట్టుమిషను దుకాణం, పైన రెండు గదులు. పిన్ని పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, మిషను తొక్కుతూనే మాట్లాడుతుంది. ఆయన మిషను పక్కన నిలబడి, ఆవిడ మొహం వంకే చూస్తూ అన్నిటికీ తలాడిస్తారు. "పెళ్లయిన పాతికేళ్లకి నా మాట వినడం నేర్చుకున్నారు" అని పిన్ని నాతో మురిసిపోతూ చెప్పింది. నేను టీ చల్లారిందన్నాను.

ఆ ఏడాదే పై అంతస్తులో ఒక ఖాళీ పడింది. ఏ ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో రాసిపెట్టే ఉద్యోగం. ఫోను ఉండదు, హెడ్‌సెట్ ఉండదు, కిటికీ ఉంటుంది. మా హాలు నుంచి ఇద్దరిని ఇంటర్వ్యూకి పిలిచారు. ఒకరు బాబాయ్. రెండో మనిషిని నేను.

నాకు మాత్రం అవసరం లేదా? ఎనిమిదేళ్లయింది. నిద్రలో కూడా "మీ ఇబ్బంది అర్థమైందండి" అంటున్నానని మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. పొద్దున ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంటేనే ఊపిరాడేది కాదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. నన్ను నేను వెనకేసుకొస్తున్నాను.

ఇక మా హాలు ఆచారం ఒకటి చెప్పాలి. పక్కపక్క సీట్ల వైర్లు బల్ల కింద ఒకే పెట్టెలోకి వెళ్తాయి. ఎవరికైనా నిజంగా ప్రాణం మీదికి వచ్చి, అవతలివాళ్లు ఫోను వదలకపోతే, తన నీళ్ల సీసాను బల్లమీద అడ్డంగా పడుకోబెడతారు. పక్కనున్న మనిషి పెన్ను పడిపోయినట్టు వంగి ఆ వైరు లాగేస్తారు. లైన్ చెడిందని దానంతటదే నమోదవుతుంది, ఎర్ర గుర్తు పడదు. అవతలివాళ్లను వేరే సీటు అందుకుంటుంది. ఎవరి వైరు వాళ్లు లాగితే పైనున్న కెమెరాకు దొరికిపోతారు. పక్కవాళ్లయితే వంగింది ఒకరు, తెగింది ఇంకొకరి లైను. దాన్ని పట్టుకునే తెలివి మా పైవాళ్లకు ఇప్పటికీ రాలేదు. బద్ధకానికి ఎవరూ వాడుకోకూడదు, అదొక్కటే కట్టుబాటు. మా పాప బడిలో మెట్లమీద పడి తల పగిలిన రోజు నేను సీసా పడుకోబెట్టాను. మోకాళ్ల నొప్పితో బాబాయే వంగి లాగారు.

ఇంటర్వ్యూ రోజు ఆయనను మూడింటికి రమ్మన్నారు, నన్ను మూడున్నరకి. రెండూ పదికి ఆయనకొక ఫోన్ వచ్చింది.

ఒక రిటైరైన నర్సమ్మ. తొంభై ఏడు దగ్గర ఆగిపోతోందట, అప్పటికి నాలుగుసార్లు చేసిందట. ఆవిడకు కంప్యూటర్ కొత్త. తెరమీద ఉన్న ప్రతి అక్షరాన్నీ మందు సీసా మీద చీటీ చదివినట్టు చదువుతోంది. ఆయన తన మామూలు ధోరణిలో వింటున్నారు. రెండున్నర అయింది. సూపర్‌వైజర్ వచ్చి గడియారం చూపించింది. ఆయన మ్యూట్ నొక్కారు.

"ఈ కాల్ ఇంకెవరికైనా ఇవ్వచ్చామ్మా?"

"ఆవిడ ఒప్పుకుంటే ఇవ్వండి. లైన్ వదిలేసి రమ్మని మాత్రం నేను చెప్పలేను కదండీ" అంది సూపర్‌వైజర్. అనేసి వెళ్లిపోయింది.

ఆయన ఆవిడను అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. "మీరొక్కరే కసురుకోకుండా మాట్లాడుతున్నారు, మిమ్మల్ని వదలను" అందట. మంచిగా మాట్లాడినందుకు దక్కిన బహుమానం అది.

రెండూ నలభైకి ఆయనకు గుట్టు చిక్కింది. "మూలలో చిన్న డాలు బొమ్మ వచ్చి పోతోందన్నారే, అదేంటమ్మా?" అని అడిగారు. ఆవిడ అది ప్రకటన అనుకుని, వచ్చినప్పుడల్లా మూసేస్తోంది. అది వైరస్‌లను ఆపే ప్రోగ్రాం. ఆటలోని ఒక ఫైలును దొంగ అనుకుని, ప్రతిసారీ తొంభై ఏడు దగ్గర పక్కకు లాగిపడేస్తోంది. దానికి ఈ ఆట మనదే అని చెప్పించారు. కానీ ఇన్‌స్టాలేషన్ మళ్లీ మొదటి నుంచి నడవాలి. ఆవిడ పాత కంప్యూటర్‌కి తక్కువలో తక్కువ నలభై నిమిషాలు. మొదటి తెర వచ్చేదాకా ఆయన కదలడానికి లేదు.

రెండూ యాభైకి బాబాయ్ నీళ్ల సీసా మూత బిగించారు. బల్లమీద అడ్డంగా పడుకోబెట్టారు. నావైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకున్నారు.

నేను చూశాను. చూడలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, చూశాను. నా పెన్ను కూడా కింద పడేశాను. వంగాను. వైరు నా వేళ్లకు తగిలింది. ఆ చీకట్లో, దుమ్ములో, ఆయన చెప్పులు కనబడ్డాయి. ఇంటర్వ్యూ కోసం పాలిష్ చేసుకొచ్చారు. లాగితే ఆయన పైకి వెళ్తారు, ఆ ఉద్యోగం ఆయనకే ఇస్తారు, ఇవ్వడమే న్యాయం. నేను పెన్ను తీసుకుని లేచాను.

నాకు కాల్ ఏదీ లేదు. అయినా హెడ్‌సెట్ సర్దుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు కదిపాను. మూడయింది. మూడుంబావయింది. సీసా అలాగే పడుకుని ఉంది. మూడూ ఇరవై అయిదుకి నేను జుట్టు సవరించుకుని పైకి వెళ్లాను. వెళ్తుంటే ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు, బాగా చెయ్యమని. మూడూ ముప్పై అయిదుకి నర్సమ్మకు మొదటి తెర వచ్చిందట. చాలా సంతోషపడిందట.

ఉద్యోగం నాకిచ్చారు. పిలిచిన వేళకు రాని మనిషి గురించి పైవాళ్లు ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. వైరు పెట్టె చెడిపోయి ఉంటుందని, అందుకే నేను లాగినా తెగలేదని ఆయన హాల్లోవాళ్లందరికీ చెప్పారు. మెయింటెనెన్స్ వాళ్లను పిలిపించి చూపించారు కూడా. వాళ్లు అంతా బాగానే ఉందన్నారు.

పైన నా మొదటి పని తొంభై ఏడు గురించి రాయడం. డాలు బొమ్మ సంగతంతా ఆయన కనిపెట్టిందే, నేను పేజీలో పెట్టాను. అందరికీ అర్థమయ్యేలా రాస్తే కాల్స్ తగ్గుతాయి, ఆయన చెవికి కాస్త తెరిపి దొరుకుతుంది అని లెక్కేసుకున్నాను. కాల్స్ నిజంగానే తగ్గాయి. తగ్గాయని ఇరవైమందిని తీసేశారు. మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికి రెండు సీట్ల పని పడింది. ఆయనను మాత్రం తీసెయ్యలేదు, అంత పనిమంతుణ్ణి ఎవరు వదులుకుంటారు?

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక కిందికి వెళ్లాను. నా పాత కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన హెడ్‌సెట్ మెడకు వేలాడదీసుకుని కళ్లు నులుముకుంటున్నారు. నేను ఎడమవైపు కూర్చోలేదు. గోడకూ ఆయన కుర్చీకీ మధ్య ఇరుక్కుని, కుడి చెవి దగ్గరకు వంగి, ఎన్నాళ్లుగానో వల్లెవేసుకున్న మాట చెప్పాను. ఆ రోజు సీసా చూశాను బాబాయ్, వైరు నా చేతిలోనే ఉంది, నేనే లాగలేదు అని.

ఆయన నా మొహం వంక చూశారు. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"కాస్త గట్టిగా చెప్పమ్మాయ్. ఇది కూడా సరిగా పనిచెయ్యట్లేదు."

చుట్టూ నలభైమంది ఉన్నారు. అందరికీ సీసా అంటే ఏంటో తెలుసు. అప్పుడే అందరి కాల్స్ సద్దుమణిగి హాలంతా నిశ్శబ్దంగా ఉంది. అరవాలి. నోరు తెరిచాను. ఆయన ఓపిగ్గా, తొందరేం లేదన్నట్టు, నా పెదాల వంకే చూస్తూ కూర్చున్నారు.

"ఎలా ఉన్నారు బాబాయ్" అని అరిచాను.

"బాగున్నానమ్మా" అన్నారు ఆయన.