అయిదు రకాలు రెండైన వారం

ఒక పిల్ల చేత నాలుగు కొత్త రకాలు తినిపిద్దామని నడుం కట్టి, ఆ పిల్ల అప్పటికే తింటున్న అయిదు రకాల్లో మూడింటిని మాన్పించిన ఘనుణ్ణి నేను. అదీ ఎవరి సాయమూ లేకుండా, మూడు రోజుల్లో. ఇలాంటి ఘనకార్యాలు చేసినవాళ్లు మామూలుగా బయటికి చెప్పుకోరు. కానీ మా ఆవిడ దీన్ని లండన్ శివారు హారోలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఇదివరకే చెప్పేసింది కాబట్టి, నా వైపు కథ కూడా ఒకటి ఉండడం న్యాయమనిపించి రాస్తున్నాను. చదివాక నా వైపు కథ ఇంకా ఘోరంగా ఉందని మీకనిపిస్తే, అది నా నిజాయితీ అనుకోండి.

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న మిలీనియం బగ్ భయం చల్లారి రెండేళ్లయిన రోజులవి. ఆ భయం మీదే బతికిన నాలాంటి ప్రోగ్రామర్లకి పని పలచబడింది. ఒక కాంట్రాక్టు ముగిసి ఇంకొకటి మొదలయ్యేలోపు నెల రోజులు హారోలో మా ఫ్లాట్‌లో ఖాళీగా కూర్చున్నాను. మా ఆవిడ సుజాత కౌన్సిల్ ఆఫీసులో పనిచేసేది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం అయిదున్నరకి వచ్చేది. సరిగ్గా అప్పుడే గ్లాస్గో నుంచి వాళ్లక్క వసుంధర వదిన ఫోన్ చేసింది. వదిన డాక్టరు. ఆ వారంలో ఆమెకి పెద్ద పరీక్ష ఉంది. ఆమె భర్తకి హాస్పిటల్లో రోటా ప్రకారం రోజూ డ్యూటీ. కూతురు అనూషకేమో స్కూలు సెలవులు. వారం రోజులు పిల్లని మా దగ్గర ఉంచుకోగలమా అని అడిగింది. నేను ఖాళీగానే ఉన్నానని, పంపించమని, ఇంట్లో సందడిగా ఉంటుందని చెప్పాను.

అనూషకి అప్పుడు ఏడేళ్లు. తెలుగు మొత్తం అర్థమయ్యేది. జవాబు మాత్రం గ్లాస్గో యాసలో, ఇంగ్లీషులో వచ్చేది. ఆ యాస నాకు సగమే అందేది. ఇక్కడ ఆమె మాటల్ని నా తెలుగులోకి దింపుకుని రాస్తున్నాను. తప్పులుంటే అవి నా చెవులవి.

ఆదివారం పిల్లని దిగబెట్టి వెళ్తూ వదిన నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అనూష తినేవి అందులో ఉన్నాయి. సీసాలో వచ్చే టమాటా సాస్ కలిపిన పాస్తా. అంచులు కోసేసి వెన్న రాసిన తెల్ల బ్రెడ్. ఏమీ కలపని పెరుగు. తొక్క తీసిన ఆపిల్. ఉప్పు క్రిస్ప్స్, అంటే మన ఆలూ చిప్సే. అంతే. కాగితం వెనక ఇంకా ఉందేమోనని తిప్పి చూశాను. లేదు.

"బలవంతం మాత్రం చెయ్యకండి రఘుగారూ. బరువు బాగానే ఉంది, మా ఫ్యామిలీ డాక్టరు కూడా కంగారు పడొద్దన్నాడు" అంది వదిన.

నేను వినయంగా తలూపాను. లోపల మాత్రం, డాక్టరై ఉండి కూతురికి బెండకాయ వేపుడు తినడం నేర్పలేకపోయిందే పాపం అనుకున్నాను.

నా ధీమాకి కారణం చెప్పాలి. నేను తెనాలిలో నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగాను. మా ఇంట్లో ఒక కూర నచ్చలేదని చెప్పేలోపు అది పక్కవాడి కంచంలో ఉండేది. అందుచేత తిండి దగ్గర వంకలు పెట్టడమంటే పోటీ లేనివాళ్ల వేషాలని నా గట్టి నమ్మకం. పుట్టినరోజు పార్టీల్లో ఎవరి పిల్లలైనా ప్లేటు పక్కకి తోసేస్తే, ఆ తల్లిదండ్రుల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఈ సిద్ధాంతం వివరించేవాణ్ణి. అప్పటికి మాకు పిల్లలు లేరు. పిల్లల పెంపకం మీద అంత స్పష్టమైన అభిప్రాయాలు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

సోమవారం మధ్యాహ్నం ముద్దపప్పు, బెండకాయ వేపుడు, నెయ్యి వేసిన అన్నం వడ్డించాను. అనూష కంచాన్ని చూసి చాలా మర్యాదగా, "నో థాంక్యూ, బాబాయ్" అంది. ఆకలేస్తే అదే తింటుందిలే అని కంచం అక్కడే ఉంచాను. ఆమె బొమ్మల పుస్తకం తెచ్చుకుని కంచం ముందు కూర్చుని చదువుకుంది. గంట గడిచింది. పేచీ లేదు, ఏడుపు లేదు. ఎవరికోసమో బస్‌స్టాప్‌లో ఎదురుచూస్తున్న మనిషిలా నింపాదిగా కూర్చుంది. మూడున్నరకి నేనే లొంగిపోయి బ్రెడ్ అంచులు కోసి వెన్న రాసి ఇచ్చాను. ఆ వేపుడు నేనే తిన్నాను, కోపంతో రెండో వాయి కూడా.

మంగళవారం బేరాలు పెట్టాను. ఒక్క ముద్ద తింటే పార్కు, రెండు తింటే ఐస్‌క్రీమ్ అన్నాను. ఐస్‌క్రీమ్ కూడా తనకి ఇష్టం లేదని, పళ్లు జివ్వుమంటాయని చెప్పింది. ఐస్‌క్రీమ్‌తో లొంగని పిల్లని నేను అంతవరకూ చూడలేదు. పార్కుకి ఊరికే తీసుకెళ్లాను.

బుధవారం నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సుజాత ఆఫీసుకి వెళ్లగానే, అనూష టీవీ చూస్తుండగా, వంటింటి తలుపు దగ్గరగా వేశాను. సొరకాయ ముక్కలూ ఒక క్యారెట్టూ మెత్తగా ఉడికించి, టీవీలో పాట వచ్చేదాకా ఆగి, ఆ చప్పుడు మాటున మిక్సీ తిప్పాను. ఆ గుజ్జుని సీసాలోని టమాటా సాస్‌లో కలిపాను. రంగు కాస్త పాలిపోతే చిటికెడు కారం పొడి వేద్దామనుకుని, అంత సాహసం వద్దని మానేశాను. పాస్తాలో కలిపి ముందు పెట్టాను.

అనూష మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది. నా వైపు చూసి అడిగింది.

"ఇది ఎప్పుడూ తినేదేనా, బాబాయ్?"

"అదే తల్లీ, అదే" అన్నాను.

నా మాట నమ్మి తింది. సగం గిన్నె ఖాళీ అయింది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ గెలిచినవాడికి గెలుపు పక్కవాళ్లకి తెలియకపోతే నిద్రపట్టదు. పక్కన ఉన్నది అనూష ఒక్కతే. అందుకని ఆమెకే చెప్పాను, చప్పట్లు కొట్టి మరీ, నువ్విప్పుడు సొరకాయ తిన్నావు తెలుసా, ఎంత బావుందో చూశావా అని.

ఆమె చెంచా గిన్నె పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. గిన్నెలోకి కాసేపు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"అదే అన్నావు కదా" అంది.

అంతే. లేచి వెళ్లి టీవీ ముందు కూర్చుంది. నేను వంటింట్లో నిలబడి, ఇదేమంత పెద్ద విషయం కాదని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

సాయంత్రానికి అసలు సంగతి బయటపడింది. పాస్తా వద్దంది. సరే, బ్రెడ్ ఇచ్చాను. వెన్న గీకి కింద చూసి, ఇందులో ఏముందని అడిగి, వద్దంది. పెరుగు ఇచ్చాను. పెరుగులో ఏదైనా కలపొచ్చు కదా అంది. నిజానికి అప్పటికే నేను ఆ ఆలోచన చేసి ఉన్నాను. ఆఖరికి తన కళ్లముందు తొక్క తీసిన ఆపిల్, తన చేత్తో చించిన క్రిస్ప్స్ ప్యాకెట్, ఈ రెండే తింది. పాలు కూడా సీల్ తియ్యని సీసా అయితేనే తాగింది. ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ చేసేవాళ్లు కూడా నన్ను అంత అనుమానంగా చూడలేదు.

సుజాత ఆఫీసు నుంచి వచ్చి అంతా విన్నది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"అక్క శనివారం వస్తుంది. ఏం చెబుదాం?" అంది.

ఆదివారం నాటి కాగితం తీసి మళ్లీ చూశాను. వదిన నన్ను కోరింది ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ నేను చెయ్యలేదు. ఆ పిల్ల ప్రపంచంలో భయపడకుండా నోట్లో పెట్టుకోగలిగినవి అయిదే ఉంటే, అందులో మూడింటిలోకి నేనే భయాన్ని కలిపాను.

అప్పుడు నాకు ఒక సూపు గుర్తొచ్చింది. అప్పటిదాకా దాన్ని తల్చుకోకూడదని గట్టిగానే ప్రయత్నించాను. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇల్ఫర్డ్‌లో అద్దెగదిలో ఉండేవాణ్ణి. మాది శాకాహారం. ఆఫీసు క్యాంటీన్‌లో వెజిటబుల్ సూప్ అని రాసి ఉంటే, వడ్డించే ఆవిణ్ణి ఇందులో కూరగాయలేగా అని అడిగాను. అవునంది. పది రోజులు ఇష్టంగా తాగాను. పదకొండో రోజు, అది కోడిని ఉడికించిన నీళ్లతో చేస్తారని అదే ఆవిడ నవ్వుతూ చెప్పింది. ఆవిడ దృష్టిలో అదేమంత పెద్ద విషయం కాదు. ఆ తర్వాత నాలుగు నెలలపాటు నేను ఆ క్యాంటీన్‌లో అరటిపండు తప్ప ఏదీ ముట్టలేదు. అరటిపండే ఎందుకంటే దాని తొక్క నేనే ఒలుచుకోవచ్చు.

అన్నీ తినే రఘుగారి చరిత్ర ఇదీ.

గురువారం పొద్దున్న అనూష పక్కన సోఫాలో కూర్చుని, నిన్న నేను అబద్ధం చెప్పానని, తప్పు చేశానని చెప్పాను. పనిలో పనిగా సూపు కథ కూడా చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విని, ఆ ఆంటీ సారీ చెప్పిందా అని అడిగింది. లేదన్నాను. మరి నువ్వు చెప్పావు కదా అని, ఆ తేడా ఏదో మనసులో రాసుకున్నట్టు తలూపింది.

మెల్లగా అడిగాను, మిగతావి ఎందుకు తినవని. తనని ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదని, తినమనే అన్నారని అంది. తర్వాత చెప్పింది.

"స్ట్రాబెర్రీ ఒకటి తియ్యగా ఉంటుంది, ఇంకొకటి పుల్లగా ఉంటుంది. ఏది ఎలా ఉంటుందో నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తుంది. పాస్తా ఎప్పుడూ పాస్తాలాగే ఉంటుంది."

బెండకాయ సంగతి అడిగాను. ఒకసారి తిన్నానని, నోట్లో అది బతికున్నదానిలా కదిలిందని చెప్పింది. నాకు ముప్పై ఏళ్లుగా ఇష్టమైన కూర. నా నోట్లో అది ఎప్పుడూ కదల్లేదు. కానీ ఆమె నోట్లో కదిలిందంటే కదిలినట్టే కదా, నేను వెళ్లి చూసొచ్చానా? ఇంకొకరి నాలుక మీద ఏం జరుగుతోందో తెలుసుకునే దారి మనకి లేదు. అయినా పుట్టినరోజు పార్టీల్లో కుర్చీ లాక్కుని మరీ తీర్పులు చెప్పేశాను.

ఆ మధ్యాహ్నం అనూష స్టూలు మీద నిలబడి పాస్తా వండించింది. కొత్త సాస్ సీసా తనే కొట్లో ఎంచుకుంది. మూత తిప్పగానే టప్‌మని శబ్దం రావాలని, రాకపోతే ఎవరో ముందే తెరిచినట్టని నాకు నేర్పింది. శబ్దం వచ్చింది. గిన్నెలోకి తనే వంచింది. నన్ను రెండడుగులు వెనక్కి నిలబడమంది. నిలబడ్డాను. మొదటి చెంచా తిని ఆగింది.  రెండో చెంచా తీసుకుంది. పరీక్ష రాసింది గ్లాస్గోలో వదినేనేమో గానీ, పాసైన సంతోషం హారోలో నాకు కలిగింది.

శుక్రవారానికి బ్రెడ్ తిరిగొచ్చింది. పెరుగు మాత్రం రాలేదు. దానికి ఇంకా టైమ్ కావాలంది. ఎంత అని నేను అడగలేదు.

శుక్రవారం సాయంత్రం అనూష నన్ను అడిగింది, నువ్వు తిననివేంటని. ఏమీ లేవన్నాను. గిన్నెలు కడుగుతున్న సుజాత వెనక్కి తిరక్కుండానే, "చీజ్" అంది. ఆ వాసన ఉన్న గదిలోకి కూడా నేను వెళ్లనని వివరం జోడించింది.

అనూష కళ్లు వెలిగాయి. ఫ్రిజ్‌లోంచి సుజాత చేత చీజ్ తెప్పించి, నా చిటికెన వేలి గోరంత ముక్క కోయించింది. నా ఎదురుగా కూర్చుని, అది ఎలా ఉంటుందో ముందే మొత్తం చెప్పింది. తను తినకపోయినా స్కూల్లో పక్కన కూర్చునే అమ్మాయి దగ్గర కనుక్కుందట. ఉప్పగా ఉంటుందనీ, పళ్లకి అంటుకుంటుందనీ, వాసన మాత్రం సాక్సుల్లాగే ఉంటుందనీ, నచ్చకపోతే ఉమ్మేసుకోవచ్చనీ చెప్పి చేతిలో టిష్యూ పెట్టింది. నాకు జీవితంలో ఎవరూ అంత మర్యాదగా తిండి పెట్టలేదు. నోట్లో పెట్టుకున్నాను. అయిదు అంకెలు లెక్కపెట్టాను. టిష్యూ వాడుకున్నాను.

"పరవాలేదు. బాగా ప్రయత్నించావు" అంది అనూష, వీపు మీద తట్టి.

శనివారం వదిన వచ్చింది. జరిగిందంతా నేనే చెప్పేశాను, పెరుగుతో సహా.  ఆమె, తను కూడా రెండేళ్ల కింద ఇలాగే క్యారెట్ దాచి పెట్టిందనీ, అంతకుముందు అనూష తినేవి ఏడు ఉండేవనీ మెల్లగా చెప్పింది. నాకు అంత ఊరట ఇచ్చిన వార్త అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత వదిన కూతురికి కోటు తొడుగుతూ, బాబాయి దగ్గర వారం ఎలా గడిచిందని అడిగింది.

అనూష నా వైపు జాలిగా చూసింది.

"బాబాయ్‌కి తిండి దగ్గర చాలా పేచీలమ్మా. కానీ బలవంతం చెయ్యకు, నెమ్మదిగా మారుతున్నాడు."

కాబట్టి ఇందుమూలంగా సమస్త బంధుమిత్రులకీ, హారో నుంచి గ్లాస్గో దాకా పుట్టినరోజు పార్టీలు చేసుకునే సకల తల్లిదండ్రులకీ తెలియజేసుకునేది ఏమనగా, ఇకమీదట నేను ఏ పిల్ల కంచంలోనూ సొరకాయ గానీ, క్యారెట్టు గానీ, నా తెలివి గానీ కలపను. మీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే మాత్రం, అది కేకు కోసమే.