ఏడోసారి వచ్చిన జవాబు

నచ్చిన జవాబు వచ్చేదాకా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగి, చివరి జవాబొక్కటే నలుగురికీ చూపించిన ఘనకార్యం మీరెన్నిసార్లు చేశారు? నేను చేశాను. నిన్న, ఇప్పుడు మేముంటున్న వెర్రిబీ అనే ఊళ్లో, మా వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత తీస్తుంటే వచ్చిన రేకు చప్పుడుకి, ఇన్నేళ్ల తర్వాత కూడా నా చెవులు వేడెక్కాయి. ఆ చప్పుడు సుల్తానా మేడమ్‌ది.

ఆమె హైదరాబాదు మనిషి. డార్విన్ నగరంలో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో నాకు పై అధికారి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తప్పుతాయన్న గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న యాజమాన్యం, రోగుల మందుల వివరాలన్నీ కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించాలని ఉవ్విళ్లూరుతున్న రోజులవి. రెండు రోజుల శిక్షణతో నర్సులకు ఆ యంత్రం మీద నమ్మకం పెరుగుతోందా? పెరుగుతోందని మేం రాస్తే, వానాకాలానికి ముందే వార్డుల్లో కాగితం చార్టులు ఎత్తేస్తారు.

తొంభైమంది నర్సుల జవాబులు తీసుకుని, పార్షియల్ లీస్ట్ స్క్వేర్స్ అనే గణాంక పద్ధతిలో, ఒకటి రెండోదాన్ని ఎంత పెంచుతోందో చూపేలా, శిక్షణ నుంచి నమ్మకానికి బాణం గీశాను. బాణం బలం సున్నాకి పైనే వచ్చింది, అంటే శిక్షణతో నమ్మకం పెరిగినట్టే. అది ఎంత నిలకడైనదో తేల్చడానికి బూట్‌స్ట్రాపింగ్ నడిపాను. ఉన్న జవాబుల్లోంచే కంప్యూటరు చీటీలు తీసినట్టు తీసి, వందలసార్లు లెక్క మళ్లీ కట్టి, బాణం బలం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఊగుతోందో చెబుతుంది. పై హద్దు సున్నాకి ఎగువన ఉన్నా, కింది హద్దు దిగువన పడింది. అంటే శిక్షణ పనిచేసిందనీ చెప్పలేం, చేయలేదనీ చెప్పలేం. నాకు ఒళ్లు మండింది. మళ్లీ నడిపాను. నడిపినప్పుడల్లా చీటీలు మారతాయి గనక హద్దు కాస్త జరుగుతుంది. ఏడోసారి వెంట్రుకవాసిలో సున్నా దాటింది. ఆ కాగితం మేడమ్ బల్ల మీద పెట్టాను.

ఆమె నమాజు ముగించుకొచ్చి, నా చెత్తబుట్టలోంచి నలిగిన ఆరు కాగితాలు తీసింది.

“గివేంది, వేణూ?”

“అవి సరిగ్గా రాలేదు మేడమ్.”

“సరిగ్గా రాలేదా, నీకు నచ్చలేదా? పోయిన నెల మనోళ్ల బార్బెక్యూలో ముహూర్తాలన్నీ బోగసని గంటసేపు స్పీచ్ దంచినవ్ కదా! మరి నువ్వు చేసిందేంది? ఏడుగురు జ్యోతిష్కుల కాడ తిరిగి, మంచిమాట చెప్పినోన్ని పట్టుకొచ్చినవ్.”

నేను హేతువాదిని. ఐదుపూటలా నమాజు చేసే మనిషి నాకు హేతువు నేర్పడమా! “అయితే వందలు కాదు, ఐదువేలసార్లు తీయిద్దాం. అప్పుడు గట్టి రుజువవుతుంది,” అన్నాను మొండిగా.

ఆమె బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి, నర్సుకొకటి చొప్పున తొంభై నంబర్లు చీటీల మీద నాచేతే రాయించింది. ఒకటి తీయి, రాసుకో, తిరిగి డబ్బాలో వెయ్యి. అలా తొంభైసార్లు. మూత తీసినప్పుడల్లా అదే రేకు చప్పుడు. నా సహనం చచ్చింది.

“ఇరవైమూడో నంబరు నర్సు నాలుగుసార్లొచ్చింది. పదకొండో నంబరు రానే లేదు. కొత్త నర్సు ఒక్కతన్నా వచ్చిందా?” అని అడిగింది మేడమ్.

“రాలేదు.”

“ఐదువేలసార్లు తీసినా రాదు. సేమ్ తొంభైమంది! ఎంత ఊగుతుందో ఇంకా బాగా తెలుస్తది, అంతే.”

ఈ జవాబులతో తేల్చలేమని రాసి ఇచ్చాం. మేనేజరు చిరచిరలాడాడు గానీ చార్టులు నిలిచాయి. వానాకాలంలో ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి తెరలన్నీ నల్లబడితే, నర్సులు ఆ కాగితాలు చూసే మందులిచ్చారు. “మనమే గెలిచాం మేడమ్!” అని ఎగిరాను.

“ఏం గెలిచినవ్? ఒక్క గాలివానతో ఏం రుజువైతది? అదీ ఒక్క చీటీయే. కూసో.”

అలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో! గెలుపును కూడా అనుభవించనివ్వదు. ఇప్పుడు నా విద్యార్థులు మెరిసిపోయే ఫలితాలు తెస్తే, ఎన్నిసార్లు నడిపావని ముందు అడుగుతాను. సగంమంది నేల చూస్తారు.

మీరు చూడకండి. చెత్తబుట్టలోని ఆరు కాగితాలు బయటికి తీయండి. ఏడోదాని పక్కన పెట్టండి. ఎన్నిసార్లు నడిపారో మొదటి పేజీలోనే రాయండి. ఇవాళే రాయండి.