తల కదిలిన లెక్క

ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో మేడమీది గదిలో కూర్చుని మెదడు బొమ్మల లెక్కలు చేసే మనిషి ఒకతె ఉందంటే ఆ వీధివాళ్లే నమ్మరు. నిరోష చేసేది ఏదో కంప్యూటర్ పని అనుకుంటారు, అంతే. ఆమె తండ్రి పెంచలనరసయ్య ఉదయగిరి రూట్లో ఇరవై ఆరేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. కూతురు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, నెల్లూరులో కొన్నాళ్లు కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి, ముప్పయ్యో ఏట తిరుపతిలో ఒక పరిశోధన బృందంలో చేరింది. నెలకు రెండుసార్లు తిరుపతి వెళ్లొస్తుంది. మిగతా రోజులు ఇంట్లోంచే పని.

ఆ బృందానికి పెద్ద డాక్టర్ అనురాధ. చేతులు వణికే జబ్బున్నవాళ్లకు ఎనిమిది వారాలు ఒక పద్ధతిలో బంతి పిసికే వ్యాయామం చేయిస్తే మెదడులో ఏమైనా మార్పొస్తుందా అన్నది వాళ్లు తేల్చుకోవాలనుకున్న సంగతి. వ్యాయామానికి ముందొకసారి, తర్వాత ఒకసారి నెల్లూరులో స్కానింగ్. మిషన్లో పడుకున్న మనిషి ఇరవై సెకన్లు రబ్బరు బంతి పిసకాలి, ఇరవై సెకన్లు ఊరికే ఉండాలి, మళ్లీ పిసకాలి. అలా ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో మిషను రెండు వందల నలభై బొమ్మలు తీస్తుంది. బంతి పిసికినప్పుడు మెదడులో ఎక్కడ చురుకు పెరిగిందో ఆ బొమ్మల్లోంచి లెక్కగట్టి చెప్పడం నిరోష పని.

మనుషుల్ని కూడగట్టింది కూడా ఆమే. ఉదయగిరి, దుత్తలూరు చుట్టుపక్కల పెంచలనరసయ్యకు తెలియని ఇల్లు లేదు. ఆయన మాటమీద ఇరవై ఆరుమంది ఒప్పుకున్నారు. అందులో ఉదయగిరి కరీముల్లా ఒకడు. చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే పనివాడు. ఆయన మూటలు పెంచలనరసయ్య బస్సులోనే నెల్లూరు చేరేవి. నిరోషకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన చాచా. రెండేళ్లుగా ఉలి పట్టుకుంటే చెయ్యి నిలవడం లేదని, పువ్వుల నగిషీ పని మానేసి సాదా గరిటెలు మాత్రమే చేస్తున్నాడు.

మార్చిలో ఫలితం వచ్చింది. వ్యాయామం తర్వాత చిన్నమెదడులో ఒకచోట చురుకు బాగా తగ్గింది, అంటే వణుకును పుట్టించే అలజడి తగ్గినట్టే అనిపించింది. అనురాధ సంబరపడి వ్యాసం రాసి ఒక పత్రికకు పంపింది. జూలైలో ఒక మంగళవారం పొద్దున ఆ పత్రిక పరిశీలకుడి ఉత్తరం నిరోష మెయిల్లోకి వచ్చింది. అందులో ముఖ్యమైన ప్రశ్న ఒకటే. తల కదలికకు మీరు ఆరు రిగ్రెసర్లే పెట్టారు, ఇంకా ఎందుకు పెట్టలేదు?

ఆ ఒక్క వాక్యాన్ని నిరోష రెండుసార్లు చదివింది.

రిగ్రెసర్ అంటే లెక్కలో ఒక నిలువు వరుస. మెదడు బొమ్మలో ఒక చుక్క వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎందుకు పెరిగింది? చెయ్యి బంతిని పిసికిందనా, తల కదిలిందనా, ఊపిరి లోతుగా తీసిందనా, గుండె వేగంగా కొట్టుకుందనా, మిషను వేడెక్కిందనా? అనుమానం ఉన్న ప్రతి కారణానికీ ఒక వరుస పెడితే, ఎవరి వాటా ఎంతో లెక్క పంచి చెబుతుంది. వరుసలు తక్కువైతే తల చేసిన పనిని చెయ్యి ఖాతాలో వేసేస్తుంది. ఎక్కువైతే ఆ వరుసలన్నీ కలిసి చెయ్యి వాటాను కూడా మింగేస్తాయి. ఎన్ని పెట్టాలన్నది లెక్క చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. అసలు భయమంతా అక్కడే.

తల కదలికకు ఆమె ఈసారి ఇరవై నాలుగు వరుసలు పెట్టింది. మెదడులోని నీటి భాగాలనుంచి పది, గుండెకూ ఊపిరికీ ఎనిమిది, మిషను మార్పులకు ఆరు పెట్టింది. మరీ చెడిపోయిన బొమ్మ ఒక్కోదానికి ఒక్కో వరుస చేర్చింది. మధ్యాహ్నానికి లెక్క పూర్తయింది. మార్చిలో కనబడిన మార్పు ఎక్కడా లేదు.

పదిహేడో నంబరు మనిషి దగ్గర కంప్యూటర్ హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆయనకు వరుసలు నూటిరవై దాటాయి, బంతి వరుసనూ తల వరుసలనూ విడదీయలేకపోతున్నానని. తెరిచి చూస్తే విషయం తేటగా ఉంది. మొదటి స్కాన్‌లో బంతి పిసికిన ప్రతిసారీ తల ఊగింది. వణుకున్న మనిషి బలంగా పిసికితే తల కదలకుండా ఎలా ఉంటుంది? రెండో స్కాన్‌లో ఆ ఊగడం తగ్గింది. ఎనిమిది వారాలు బంతి పిసికి అలవాటైన మనిషి తేలిగ్గా పిసికాడు. మరి తగ్గింది మెదడులో అలజడా, తల ఊగడమా? ఈ బొమ్మలు చెప్పలేవు.

ఫైళ్లలో నంబర్లే తప్ప పేర్లుండవు. కానీ మనుషుల్ని తీసుకొచ్చింది తనే కాబట్టి పదిహేడు ఎవరో ఆమెకు తెలుసు. కరీముల్లా చాచా.

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట కాగితాల మీద సంతకాలకని ఉదయగిరి వెళ్లినప్పుడు ఆయన అడిగాడు, నా బొమ్మ ఎట్ల వచ్చింది తల్లీ అని. చెప్పకూడదు. చెప్పకూడదని తనే అందరికీ చదివి వినిపించిన నిబంధన అది. అయినా ఆయన మొహం చూసి, "బాగా వచ్చింది చాచా, మెదడులో తేడా కనపడతా ఉండాది" అనేసింది.

ఫోన్ తీసి కలిపింది. కరీముల్లానే ఎత్తాడు.

"ఎట్లుండారు చాచా?"

"ఉండాను తల్లీ. నాలుగు రోజుల్నించి కొంచెం గుండె దడగా ఉండాది. ఎండ గదా."

"వణుకు మాత్రలు వేసుకుంటా ఉండారా?"

"అవి పోయిన గురువారంతో అయిపోయినాయి. మళ్లా తెచ్చుకోలా. నువ్వే చెప్పినావు గదా, మెదడు బాగయిందని. ఇంక ఎందుకు మాత్రలు?"

"ఎక్కడికీ పోబాకండి చాచా, నేను వస్తా ఉండాను" అని ఫోన్ పెట్టేసి కిందికి దిగింది. తండ్రి వరండాలో పేపరు చదువుతున్నాడు. సంగతి రెండు మాటల్లో చెప్పింది. ఆయన కారణాలు అడగలేదు. "ఒంటిగంట బస్సు ఉండాది, పోదాం పద" అని చొక్కా వేసుకున్నాడు.

దుత్తలూరు దాటేదాకా ఆమె కిటికీ కమ్మీ వదల్లేదు. చాచా కింద పడిపోయి ఉంటే? ఫోన్ మళ్లీ చేద్దామంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. బస్సు ఒక్కో స్టాపులో ఆగినప్పుడల్లా, ఎక్కేవాళ్లు అంత నింపాదిగా ఎక్కుతుంటే, టైము చూసుకునేది. పెంచలనరసయ్య డ్రైవరును తొందరపెట్టలేదు. ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి తొందరపెడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

కరీముల్లా గుమ్మంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట. భార్య రజియా విసనకర్రతో విసురుతోంది. ఆటో పిలిచి ఊళ్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు నాడి చూసి, బీపీ చూసి, పాత చీటీ అడిగి చదివాడు.

"ఈ మాత్ర ఎవరు ఆపమన్నారు? వణుకు మాత్రే కాదిది, గుండె వేగాన్ని కూడా పట్టి ఉంచుతుంది. ఉన్నట్టుండి ఆపితే ఇట్లే ఎగదన్నుతుంది. ఇంకో రెండు రోజులు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను."

ఎవరు ఆపమన్నారో కరీముల్లా చెప్పలేదు. నిరోష వైపు చూడనూ లేదు. అది ఆమెకు ఇంకా కష్టమనిపించింది. "నా మాట విని ఆపినాడు సార్" అంది తనే. డాక్టరు ఆమెను ఒకసారి పైకీ కిందికీ చూసి, ఇంకేమీ అనకుండా మాత్ర రాసిచ్చాడు. అక్కడే బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. దడ నెమ్మదించింది.

ఇంటికొచ్చాక నిరోష ఆయన ఎదుట కింద కూర్చుంది.

"చాచా, నేను తప్పు చెప్పినాను. మీరు బంతి పిసికినప్పుడు మీ తల కదిలింది. రెండోసారి తక్కువ కదిలింది. బొమ్మలో కనపడిన తేడా దానివల్లేమో."

"అంటే నా మెదడు బాగు కాలేదా?"

"అయిందో లేదో నాకు తెలీదు."

కరీముల్లా తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కాసేపు చూసుకున్నాడు. "తెలీనిదాన్ని తెలిసినట్టు చెప్పినావు."

"అవును చాచా."

రజియా మాత్రం ఊరుకోలేదు. "మాకు చదువు లేదు బిడ్డా. నీకుండాది. నువ్వు చెప్తే మేం నమ్మక ఏం జేస్తాం?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయమనిపించింది నిరోషకు.

బస్టాండులో తండ్రి టీ తాగుతుంటే ఆమె కొంచెం పక్కకు వెళ్లి అనురాధకు ఫోన్ చేసింది. కరీముల్లా సంగతి ముందు చెప్పింది. తర్వాత లెక్క సంగతి. ఇంకొకటి మిగిలింది, నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్నది. అది చెప్పకుండా ఫోన్ పెట్టేయొచ్చు కూడా.

"మేడమ్, మార్చిలో నేను ఒక్క లెక్కే చేయలేదు."

"ఎన్ని చేశావు?"

"ఐదు లెక్కలు. ఆరు వరుసలతో, పన్నెండుతో, ఇరవై నాలుగుతో... అట్లా. ఆరింటితో మాత్రమే ఫలితం వచ్చింది. చాలామంది ఆరే పెడతారు గదా, తప్పేముందని నాకు నేను చెప్పుకున్నాను."

బస్సు కదిలే టైమయిందని కండక్టరు అరుస్తున్నాడు.

"మిగతా నాలుగూ నాకెందుకు పంపలేదు?"

"మీరు సంతోషంగా ఉన్నారు మేడమ్."

"శుక్రవారానికి ఐదూ పంపు. ఇవాళ చేసింది కూడా. ముందు ఆ పెద్దాయన ఎట్లా ఉన్నాడో రోజూ కనుక్కుని నాకు చెప్పు." ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం తిరుపతిలో అనురాధ కోప్పడలేదు, కూర్చోమని కూడా అనలేదు. ఆరు లెక్కలూ పక్కపక్కన పరిచి చూసింది. "వీటిలో ఏది నిజమో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది.

నిరోషకు ఒక దారి తోచింది. జవాబు ముందే తెలిసిన ఉత్తుత్తి బొమ్మలు తయారు చేసి, లెక్కను వాటి మీద పరీక్షించడం. మూడు వారాలు అదే పని. ఏ మార్పూ లేకుండా, తల ఊగడం మాత్రం తగ్గినట్టు వంద జతల బొమ్మలు సృష్టించింది. ఆరు వరుసల లెక్క అందులో ముప్పై ఒక్కసారి లేని మార్పును ఉన్నట్టు చూపించింది. ఒకేలా కదిలే వరుసలను కలిపి నాలుగైదుకు కుదించి చూస్తే ఆ తప్పు ఆరుసార్లకు తగ్గింది. అయితే నిజంగా మార్పు పెట్టిన బొమ్మల్లో ఆ మార్పును కూడా సగానికి పైగా కనుక్కోలేకపోయింది. అన్ని వరుసలూ ఉంచి ఒక్కోదాని బలాన్ని కొద్దికొద్దిగా అణిచిపెట్టే పద్ధతీ ప్రయత్నించింది. కొంత మెరుగు, అంతే. చెయ్యీ తలా ఒకే సమయంలో కదిలినప్పుడు ఏ లెక్కా వాటిని పూర్తిగా విడదీయలేదు.

అనురాధ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఆ విషయం రాసిన మెయిల్లో నిరోష పేరు ఎక్కడా లేదు. తప్పు బృందానిదని రాసింది. ఆ తర్వాత రెండు నెలలు మాత్రం ఆమెతో పనిమాట తప్ప మాట్లాడలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నిరోష ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. తిండి సరిగా సహించక మనిషి సన్నబడింది. తల్లి ఆదిశేషమ్మ జాతకం చూపిస్తానంటే వద్దని గట్టిగా చెప్పింది.

అక్టోబరులో అనురాధ పిలిపించి, మళ్లీ ఎనిమిది వారాల వ్యాయామం పెట్టి, దానికి ముందూ తర్వాతా కొత్తగా స్కాన్లు చేద్దామంది. ఈసారి తలకు మెత్తటి దిండ్లు. పిసకడం నాలుగేసి సెకన్లే, అదీ ఎప్పుడొస్తుందో తెలియని వ్యవధిలో, తలా చెయ్యీ ఒకే తాళంలో పడకుండా. ఏ వరుసలు పెట్టాలో, ఎన్ని పెట్టాలో ఒక్క బొమ్మ కూడా తీయకముందే రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేసి దాచారు. అందరి బొమ్మలూ చేరేదాకా ఫలితం తెరవకూడదని కూడా రాసుకున్నారు.

నిరోష మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. మొదటిసారి ఏం జరిగిందో ఏదీ దాచకుండా చెప్పింది. ఏడుగురు రామన్నారు. వాళ్లలో కరీముల్లా ఒకడు.

"నీ మీద కోపం లేదు తల్లీ. మాత్రతో చెయ్యి కొంచెం నిలబడతా ఉండాది. నన్ను వదిలేయ్" అన్నాడు. ఆమె బలవంతం చేయలేదు. నెలకొకసారి వెళ్లి ఆయన మాత్రల షీటు చూసి వస్తుంది. రజియా పలకరిస్తుంది గానీ, మునుపటిలా నవ్వదు.

డిసెంబరులో ఎనిమిదిమంది స్కాన్లు పూర్తయ్యాయి. ఫైళ్లు ఆమె కంప్యూటర్లో ఉన్నాయి. తల వరుసలూ చెయ్యి వరుసలూ విడివిడిగా ఉన్నాయో లేదో మాత్రం చూసింది. ఉన్నాయి.

"వచ్చిందా?" అని తండ్రి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"చూళ్లేదు నాయనా. పంతొమ్మిది మందివీ రావాల."

"ఊరికే ఒకసారి చూస్తే ఏమయితాది?"

"చూస్తే నాకు కావల్సిందాన్ని వెతుక్కోవడం మొదలుపెడతాను."

చెప్పిందే గానీ, ఒక్క మీట నొక్కితే తెలిసిపోతుంది. ఈసారి కూడా ఏమీ లేకపోతే ఆ ఎనిమిదిమంది మొహాలు ఎట్లా చూడాలి? ఉంటే నమ్మడమెట్లా? ఆమె ఫైళ్లు మూసేసింది. గురువారం నెల్లూరు వెళ్లాల్సిన ముగ్గురికీ ఫోన్లు చేసి, ఏ బస్సెక్కాలో, స్కానింగ్‌కు ఏమేమి తీసేసి రావాలో ఒక్కొక్కరికి రెండేసిసార్లు చెప్పింది.