ఊరి గిన్నెలు తోమి బాప్తిస్మం తీసుకున్న మా అవ్వ

నిన్న పొద్దున చిన్నాయన ఫోన్ చేశాడు. "పాపా, అవ్వ ఇంక లేదు పాపా" అన్నాడు.

నేను "ఏ అవ్వ?" అని అడిగాను. పిచ్చి ప్రశ్న. నాకున్నది ఒక్క అవ్వే కదా.

వందకు దగ్గర పడిన మనిషి. ఎప్పుడైనా పోతుందని అందరికీ తెలుసు. అయినా నమ్మబుద్ధి కాక, స్టవ్ కట్టేసి అప్పటికప్పుడే ఊరికి బయలుదేరాను.

మా అవ్వ ఎస్తేరమ్మ. ఓర్వకల్లు పక్కన బండల మధ్య ఊరు మాది. అవ్వ పుట్టిందీ, కాపురం చేసిందీ, కన్నుమూసిందీ అక్కడే.

మా ఫ్రెండ్స్‌లో కొందరు ఈమధ్య జీరో వేస్ట్, వాటర్ సేవింగ్ అని పోస్టులు పెడుతున్నారు. మంచిదే. మా అవ్వకు ఆ పేర్లేవీ తెలియవు.

బియ్యం కడిగిన నీళ్లు పాలిచ్చే ఎనుముకు. స్నానం చేసిన నీళ్లు బీర తీగకు. బీరకాయ తొక్కు పచ్చడికి. చిరిగిన చీర బొంతకు, ఆ బొంత కూడా చిరిగితే మసిగుడ్డకు.

పంచాయతీ చెత్త బండి వాడు గుమ్మం ముందు ఆగితే ఆమెకు ఎంత కోపమో! "ఏమప్పా, మా ఇంటి కాడ నిలబడితివి? ఈడ పారేసేది ఏముండాదని?" అనేది. పాపం, అతను భయపడి బండి ముందుకు తోసుకుని పోయేవాడు.

ఇదంతా ఆమెకు ఎక్కడ అబ్బిందో మా తాత చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు.

స్వాతంత్ర్యానికి ముందు మాట. యుద్ధం జరుగుతున్న రోజులు. తాత మిలిటరీలో చేరి, పెళ్లి కోసమని లీవు మీద ఊరికొచ్చాడు. లీవు అయిపోయేలోగా పెళ్లి జరగాలి. మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

అవ్వకు ఇంకా బాప్తిస్మం కాలేదు. అది కానిదే చర్చిలో పెళ్లి చేయరు. బాప్తిస్మం అంటే నిండా మునగాలి.

ఆ ఏడు వాన లేదు. బాప్తిస్మాలిచ్చే బండల మడుగు ఎండిపోయింది. బావి అడుగున ఊట ఊరేదాకా ఆడవాళ్లు కూర్చుని, చెంబుతో తోడుకుని కడవలు నింపుకునే పరిస్థితి. పాస్టరుగారు వానలు పడేదాకా ఆగమన్నారు.

అవ్వ ఆగలేదు. చర్చి వెనక గచ్చు తొట్టి ఒకటి ఉంది. ఇంటికో కడవ పోస్తే అందులో మనిషి మునగొచ్చని లెక్కేసుకుని, ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి సుగుణమ్మ అయితే మొహం మీదే అడిగేసింది.

"నీ పెండ్లి కోసరం మా ఎనుము ఎండాల్నా ఏందే?"

"అప్పుగా ఇయ్యి పెద్దమ్మా. మునిగి లేస్తానే నీ కడవ నీకే. అప్పుడు ఎనుముకు పెట్టుకో."

"అంతవరకు ఇంట్లోకి నీళ్లు యాడివి?"

"మీ గిన్నెలు నేను తోముతా. మిగిల్చి సూపిస్తా."

అన్నట్టే చేసింది. ఆ వారమంతా ఇంటింటికీ పోయి గిన్నెలు తోమింది. మెతుకులు తుడిచి కోళ్లకు వేసి, పొడి బూడిదతో గరగరా రుద్ది, పాత గుడ్డతో తుడిచి, చివర్లో ఒక్క చెంబు నీళ్లతో అన్నీ తొలిచేది. అలా మిగిలిన నీళ్లే ఆదివారానికి కడవలు కడవలుగా తొట్టిలోకి వచ్చాయి.

బాప్తిస్మం నీళ్లు ఎనుములకు పెట్టొచ్చా అని సంఘ పెద్దలకు అనుమానం వచ్చింది. పాస్టరుగారు నవ్వి, "పెట్టండి. వాటిని చేసింది కూడా ఆ దేవుడే కదా" అన్నారట.

అవ్వ మునిగి లేచింది. అందరూ పాట అందుకున్నారు. బయటికి రమ్మని పాస్టరుగారు చెయ్యి చాపారు.

అవ్వ రాలేదు.

"ఉండండయ్యా, ఇవి మా పెద్దమ్మోళ్ల నీళ్లు" అని, తొట్టిలోనే నిలబడి ముందు జడ పిండింది. తర్వాత కొంగు పిండింది. తర్వాత కుచ్చిళ్లు. పాట అయిపోయింది కానీ అవ్వ పిండడం అవ్వలేదు. సుగుణమ్మ అందరికంటే గట్టిగా నవ్వి, నీళ్లు వెనక్కి తోడుకోవడానికి కడవ పట్టుకుని ముందు నిలబడిందట.

ఆ వారంలోనే పెళ్లయింది. తాత యుద్ధానికి పోయాడు, దేవుడి దయవల్ల తిరిగొచ్చాడు. బతికినంత కాలం అవ్వను ఆటపట్టించాడు. "మీ అవ్వ నన్ను చేసుకునేకి ఊరందరి గిన్నెలు తోమింది పాపా" అనేవాడు. అవ్వ మూతి తిప్పుకునేది కానీ, కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

నాకు ఆ మనిషంటే ఎంత గర్వమో ఇక్కడ రాయడం చేతకావడం లేదు.

నిన్న సాయంత్రం అత్తలతో కలిసి అవ్వకు స్నానం చేయించాను. ఇప్పుడు ఇంట్లో కుళాయి ఉంది. బిందె తర్వాత బిందె పోశాం. ఏడుస్తూనే పోశాం.

మంచాన పడ్డాక కూడా, స్నానం చేయిస్తుంటే సగం బిందె దగ్గరే "సాలు పాపా, సాలు" అని నా చెయ్యి పట్టుకునేది.

నిన్న ఎన్ని బిందెలు పోసినా పట్టుకోలేదు.

అవ్వ నిజంగానే పోయిందని నాకు అప్పుడు తెలిసింది.

పోయి రా అవ్వా. ప్రభువు దగ్గర, తాత పక్కన, చల్లగా ఉండు.