నేల విడవని బంతి

బంతిని ఎత్తి బలంగా తన్నడం చేతకాదని ఆ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఒకప్పుడు అతన్ని జట్టులోంచి తీసేసింది. తల నెరిశాక, ఇంకెవరూ దొరక్క, అతన్నే కోచ్‌గా పిలిచింది. అతను పాత సంగతి ఎత్తలేదు. బంతిని మాత్రం నేల విడవనివ్వలేదు. మైదానం గీత పక్కన నిలబడి, పసిపిల్లను జోకొడుతున్నట్టు అరచేత్తో గాలిని తట్టేవాడు: నెమ్మదిగా, దగ్గరివాడికివ్వు అని. "మీవాళ్ళు బంతితో ఆడట్లేదు బావా, దాన్ని పెంచుకుంటున్నారు" అనేవాడు బావమరిది. జట్టు వరసగా ఓడింది. ఆఖరి మ్యాచ్ డ్రా అయినా చాలు, జట్టు లీగులో ఉంటుంది, అతను ఉద్యోగంలో ఉంటాడు. ఆట సమంగా ముగియబోతుండగా బంతి సొంత గోలు ముందు చిక్కుకుంది. "తన్నవయ్యా బయటికి" అని జనం అరిచారు. డిఫెండర్ అతనివైపు చూశాడు. అతని అరచెయ్యి ఎప్పటిలాగే గాలిని తట్టింది. నాలుగు పాసులు పూసలు గుచ్చినట్టు సాగాయి. అయిదోది ఎదుటి జట్టువాడికి చిక్కి గోలైంది.

మర్నాడు అతను క్లబ్బులో తన గది ఖాళీ చేస్తుంటే బావమరిది సాయానికి వచ్చాడు. పాత బూట్లు సంచిలో కుక్కుతూ, "ఒక్కసారి తన్నమంటే నీ సొమ్మేం పోయేది బావా? చేజేతులా కొంప ముంచుకున్నావు" అన్నాడు.

అతను లేసుల చిక్కు విప్పుతూ తలెత్తాడు.

"అది సరేలేరా. నాలుగోదాకా చూశావా, ఎంత బాగా వెళ్ళిందో."